కంచె అవతలి అరచెయ్యి

డుమస్ సముద్రపు ఒడ్డున దయ్యాలున్నాయని సూరత్‌లో పుట్టిన ప్రతివాడూ చెబుతాడు. చీకటి పడ్డాక అక్కడి నల్ల ఇసుకలో నడిస్తే వెనక నుంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తారట. ఇంతా చెప్పిన పెద్దమనిషి ఆదివారం సాయంత్రం పెళ్లాంపిల్లలతో అక్కడికే వెళ్లి టమాటా భజియాలు తిని వస్తాడు. నాకు ఈ కబుర్లంటే ఒళ్లు మంట. యాభై దాటినదాన్ని, జనం ఎముకలూ కండరాలూ చూసి బతికేదాన్ని, దయ్యాలతో నాకేం పని? కానీ ఆ డుమస్ వెళ్లే దారిలోనే, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక టెన్నిస్ కోర్టు కంచె అవతల ఒక అరచెయ్యి లేస్తుందని విజేత నాతో చెప్పినప్పుడు మాత్రం నవ్వలేకపోయాను.

నా పేరు సీతాదేవి. కాకినాడ నుంచి ఒక ఆసుపత్రి ఉద్యోగం మీద సూరత్ వచ్చి, ఆ ఉద్యోగం నచ్చక ఇక్కడే ఉధ్నాలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకున్నాను. మధ్యాహ్నం భోజనం పక్కనే లింబాయత్‌లో జమున మెస్‌లో. జమునది సిరిసిల్ల దగ్గర పల్లె. పప్పులో చింతపండు ఎక్కువ వేస్తుంది, తిన్నవాళ్లను ఇంకో ముద్ద తినమని సతాయిస్తుంది. నేను డాక్టర్ని కానని చెప్పి చెప్పి నా నోరే నొప్పి పుట్టింది గానీ ఆవిడ నన్ను డాక్టరమ్మా అనడం మానలేదు. విజేత ఆవిడ ఒక్కగానొక్క కూతురు.

మగ్గం కార్మికుడి కూతురికి టెన్నిస్ ఏమిటని అందరూ అడుగుతారు. విజేత తండ్రి సంపత్ ఊరి చివర సచిన్ పారిశ్రామికవాడలో ఒక మగ్గాల కార్ఖానాలో పనిచేసేవాడు. ఆ కార్ఖానా నడిపే సేఠ్ కూతురికి ఆటలో తోడు కావలసి వచ్చింది. ఎంత గట్టిగా కొట్టినా ఏడవని పిల్ల, సేఠ్ కూతురి కంటే ఎక్కువ గెలవని పిల్ల కావాలన్నారు. మొదటి షరతుకు విజేత సరిపోయింది. రెండోదానికి సరిపోలేదు. సేఠ్ మంచివాడు కాబట్టి, కూతురు విసుగెత్తి ఆట మానేసినా ఈ పిల్లను మాన్పించలేదు. ఇరవై దాటేసరికి దేశంలో ఎక్కడ చిన్న ప్రొఫెషనల్ టోర్నీ జరిగినా విజేత ఉండేది. ప్రపంచ ర్యాంకుల్లో ఆమె పేరు వెతకాలంటే ఫోన్ తెరను చాలాసేపు పైకి తోయాలి, కానీ ఉంటుంది.

ప్రతి మ్యాచ్‌కీ తండ్రి వెంట ఉండేవాడు. రాత్రి డ్యూటీ దిగి, మొహం కడుక్కుని, బండి మీద కూతుర్ని కూర్చోబెట్టుకుని వచ్చేవాడు. సంపత్‌కు టెన్నిస్ రాదు, చెవులు కూడా సగానికి సగం వినబడవు. చెవులు మగ్గాలకు ఇచ్చేశాను అని నవ్వేవాడు. ఆ షెడ్డులోకి నేను ఒకసారి వెళ్లి, తల పట్టుకుని బయటికి వచ్చాను. అక్కడ నోటితో పని లేదు, అంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్లు విడదీస్తే పోగు తెగిందని. చూపుడు వేలు గాల్లో తిప్పితే మగ్గం నడవనివ్వమని. అరచెయ్యి ఎత్తితే ఆపమని. చెయ్యి ఎందుకు ఎత్తావని ఎవరూ అడగరు. చూసినవాడు ముందు తన మగ్గం ఆపి దగ్గరికి వస్తాడు, సంగతేమిటో తర్వాత తెలుసుకుంటాడు. ఎవరి చెయ్యి మగ్గంలో పడిందో, ఎవరికి కళ్లు తిరుగుతున్నాయో వచ్చి చూస్తే గానీ తెలియదు మరి. జమున కూడా పెళ్లికి ముందు ఆ షెడ్డులోనే కండెలు చుట్టేది. ఆ ఇంట్లో ముగ్గురూ నోటితో ఎంత మాట్లాడేవారో చేతులతో అంత మాట్లాడేవారు.

కోర్టు దగ్గరా సంపత్ అదే భాష వాడాడు. అవతలి పిల్ల ఎడమవైపు బంతికి తడబడుతుంటే రెండు వేళ్లు విడదీసేవాడు, అక్కడ పోగు తెగుతోంది చూసుకో అని. ఆట తెలియకపోయినా ఎక్కడ తెగుతుందో కనిపెట్టే కన్ను ఉంది ఆయనకు. కానీ అప్పట్లో ఆట నడుస్తుండగా బయటివాళ్లు సలహా ఇవ్వకూడదు. పుణేలో ఒక అంపైర్ ఆ వేళ్లను కనిపెట్టి ఒకసారి హెచ్చరించాడు, రెండోసారి విజేత పాయింటు కోశాడు. ఆ కోపంలో ఆ పిల్ల మ్యాచ్ పోగొట్టుకుంది. ఇంటికొచ్చి తండ్రి మీద విరుచుకుపడింది. ఆ తర్వాత సంపత్ కోర్టు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోగానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు. చేతుల మీద కూర్చున్న ఆ మనిషిని చూసి క్లబ్బువాళ్లు నవ్వుకునేవారు. నేనూ ఒకసారి నవ్వాను.

సంపత్ రెండేళ్ల కిందట పోయాడు. ఇదే ఊళ్లో, ఆ డుమస్ దారి కోర్టు పక్కనే, కూతురు ఆడుతుండగా ఆ కుర్చీలోనే పోయాడు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి, కునుకు తీస్తున్నాడనుకున్నారు అందరూ. జమున కూడా అదే నమ్మింది. మెస్‌లో ఎవరు కదిపినా ఒకటే చెప్పేది. "నిద్రల్నే పొయిండు. ఎవ్వలికి తక్లీఫ్ ఇయ్యలే." ఆ మాట చెప్పుకుంటూనే ఆవిడ రెండేళ్లూ వంట చేసింది.

కిందటి చలికాలంలో విజేత భుజం నొప్పి అని నా దగ్గరికి వచ్చింది. చూశాను. నిక్షేపంలా ఉన్న భుజం. నాకే అలాంటిది ఉంటే ఈ వయసులో ఈత నేర్చుకునేదాన్ని. ఏమీ లేదు పొమ్మంటే పోలేదు. అసలు సంగతి ఆమె కోచ్ ప్రణీత్ చెప్పాడు. ప్రణీత్ హైదరాబాద్ కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పొద్దున్నే ఆట నేర్పుతాడు. తండ్రి పోయాక విజేత ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదట. ఓడిపోయేలా ఆడుతోందా అంటే అదీ కాదు. గెలిచే అంచు దాకా వస్తుంది, ఆఖరి పాయింటుకు సర్వీస్ చెయ్యాలంటే చెయ్యి పైకి లేవదు. బంతి ఎగరేయబోయి ఆగుతుంది, మళ్లీ నేలకు కొడుతుంది, మళ్లీ ఆగుతుంది. తర్వాత ఆట మొత్తం చేజారిపోతుంది.

ప్రణీత్‌కు జీవిత పాఠాల పిచ్చి. టెన్నిస్ నుంచి నేర్చుకోవలసినవి అంటూ క్లబ్బు గోడ నిండా రాయించాడు. గడిచిన పాయింటు గడిచిపోయింది, ఇప్పటి పాయింటే నీది అని ఒకటి. గోడ మీద రాయడానికి బాగానే ఉంటుంది, గోడకు తండ్రి చావలేదు కదా. వాటిలో ఒక్కటి మాత్రం నాకు నిజమనిపించింది. ఈ ఆటలో గడియారం నిన్ను కాపాడదు. ఫుట్‌బాల్‌లో ఒక గోలు ముందుంటే కాలం గడిపేసి గెలవొచ్చు. ఇక్కడ ఎంత ముందున్నా ఆఖరి పాయింటు నువ్వే ఆడాలి, నీ చేత్తోనే ముగించాలి. విజేత ముగించలేకపోతోంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె బల్ల మీద బోర్లా పడుకుని ఉంది, నేను భుజం నొక్కుతున్నాను. ఎదుటివాళ్ల మొహం కనబడకపోతే మనుషులు నిజం చెబుతారు. ఈ వృత్తి నాకు నేర్పింది అదొక్కటే.

"బాపు చెయ్యి లేపిండు మేడం," అంది. "నేను జూసిన. జూసి మొకం తిప్పుకున్న."

మెల్లమెల్లగా మిగతాది చెప్పింది. ఆ రోజు రెండో సెట్‌లోనే గెలుపు పాయింటు చేతికొచ్చింది. సర్వీస్ చేయబోతూ ఎదురుగా చూస్తే, అవతలి కంచె వెనక తండ్రి తొడల కింద నుంచి చెయ్యి తీసి అరచెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. మళ్లీ సలహాలు మొదలుపెట్టాడు, మళ్లీ పాయింటు పోతుంది అనుకుంది. ఒళ్లు మండి మొహం తిప్పుకుంది. ఆ కోపంలో ఆ పాయింటు పోయింది, ఆ సెట్టూ పోయింది. మూడో సెట్ మొత్తం, పంతం పట్టి, ఒక్కసారి కూడా ఆ వైపు చూడలేదు. గెలిచాక అప్పుడు చూసింది. ఆయన తల కంచెకు ఆనించి ఉన్నాడు. ఎత్తిన చెయ్యి మోకాలి మీద వెల్లకిలా పడి ఉంది. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే చూసేవాళ్లమని ఆసుపత్రిలో అన్నారు.

ఆయన కేక వేసి ఉండొచ్చు కదా, పక్కన మనుషులు ఉన్నారు కదా అన్నాను. కార్ఖానాలో ఎవరూ కేకలు వెయ్యరు మేడం అంది విజేత. జన్మంతా ఆ రొదలో గడిపినవాడికి నోరు తెరిచి అరవాలన్న ఆలోచనే రాదట. చెయ్యే ఆయన కేక. ఆ కేక తనొక్కతికే వినబడింది, తను వినిపించుకోలేదు.

అప్పటి నుంచి గెలుపు పాయింటు రాగానే ఆ కంచె అవతల అరచెయ్యి లేస్తుందట. ఏ ఊళ్లో ఆడినా, ఏ కంచె అయినా. మొహం కనబడదు, చెయ్యే కనబడుతుంది. అది లేచి ఉండగా ఎట్లా కొట్టాలె అని నన్ను అడిగింది. భుజానికి వేడి కాపడం పెట్టి పంపించాను.

ఈ మధ్య రూలు మారింది. ఇప్పుడు బయట కూర్చున్నవాళ్లు ఆటగాళ్లకు సైగలు చెయ్యొచ్చు, సలహాలు ఇవ్వొచ్చు. ప్రణీత్ ఆ కబురు పండగలా మోసుకొచ్చి చెప్పాడు, ఇక నేను పక్క నుంచి నడిపిస్తాను చూడు అని. విజేత బాత్‌రూంలోకి వెళ్లి కడుపులో ఉన్నదంతా కక్కుకుంది. పాపం ఆ కుర్రాడికి ఏమీ తెలియదు, ఎండదెబ్బ అనుకుని నిమ్మరసం తెచ్చాడు.

ఆ తర్వాత వారం ఊళ్లో టోర్నీ. అదే కోర్టు. ఇదే ఆఖరు, ఈసారి కూడా చెయ్యి లేవకపోతే ఆట బంద్ చేసి వరాఛాలో ఒక స్కూల్లో ఆటల టీచరుగా చేరిపోతానంది. చేరడం తప్పు కాదు. కానీ గెలవలేక మానడం వేరు, చేతిదాకా వచ్చిందాన్ని ముట్టుకోలేక మానడం వేరు. బతికినన్నాళ్లూ ఆ చెయ్యి ఆ స్కూలు కంచె అవతల కూడా లేస్తూనే ఉంటుందని నాకు భయం వేసింది. మీ అమ్మకు చెప్పు అన్నాను. సలహా ఇవ్వడానికేం, నోరుంటే చాలు. నిద్రలో పోయాడన్న ఒక్క మాట పట్టుకుని బతుకుతున్న మనిషి దగ్గర ఆ మాట లాక్కోమని చెప్పాను.

విజేత చెప్పింది. ఉల్లిగడ్డలు తరుగుతున్న జమున తరుగుతూనే విందట. ఏడవలేదు, తిట్టలేదు. ఆ రోజు నుంచి కూతురితో తిన్నవా, పన్నవా అన్న రెండు మాటలే. మెస్‌లో పప్పు రోజూ ఉప్పు కషాయం అయింది. ఎవరూ నోరెత్తలేదు. నేను కూడా తినేసి లేచాను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, ఆ ఇంట్లో ఎవరి కాళ్ల మీద పడిందో చూడటానికి నాకు ధైర్యం లేకపోయింది.

టోర్నీ రేపనగా జమున నా క్లినిక్‌కు వచ్చింది. ఆవిడ అంతకుముందెప్పుడూ రాలేదు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, రోగులు కూర్చునే బెంచీ చివర కూర్చుంది.

"డాక్టరమ్మా, ఆట నడుమ చెయ్యి లేపితే, ఆడేటోళ్లు ఆపి రారాదా? ఆపితే ఏమైతది?"

నాకు తెలియదు. ప్రణీత్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. అతను ఉత్సాహంగా చెప్పాడు. పాయింటుకూ పాయింటుకూ మధ్య కొన్ని సెకన్లే ఉంటాయి, అవి దాటితే అంపైర్ ఊరుకోడు, కానీ మొదటిసారికి శిక్ష ఉండదు, ఉత్త హెచ్చరిక. ఎవరికైనా ఒంట్లో బాగాలేదంటే అతనే ఆట ఆపేస్తాడు, పాయింటు కూడా పోదు. ఎందుకు మేడం అని అడిగాడు. ఊరికే అని పెట్టేశాను.

"ఉత్త హెచ్చరికేనా," అంది జమున. "గంతేనా?"

ఆవిడ లేచి, చెప్పులు వేసుకుని, రేపు ఆ మ్యాచ్ దగ్గరికి నన్ను తీసుకుపొమ్మంది. ఇన్నేళ్లలో జమున కూతురి ఆట ఒక్కసారి కూడా చూడలేదు. మెస్ మూస్తే కూలీల కడుపు మాడుతుందని వచ్చేది కాదు. మరునాడు మెస్‌కు తాళం వేసింది.

మేం వెళ్లేసరికి ఆట మొదలైంది. పడమటి వైపు కంచె వెనక ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఉన్నాయి. జమున ఎవరినీ అడగకుండా మూలనున్న కుర్చీని ఖాళీగా వదిలి, దాని పక్కదాంట్లో కూర్చుంది. సంపత్ కూర్చునేది ఆ మూలలోనే. ఆవిడకు ఎవరు చెప్పారో నాకు తెలియదు, నేనైతే చెప్పలేదు. ఆవిడకు ఇటుపక్క నేను కూర్చున్నాను. సముద్రం కనబడదు గానీ అటు నుంచి ఉప్పు గాలి వస్తోంది, కంచెకు కట్టిన పచ్చ గుడ్డ కొట్టుకుంటోంది.

విజేత ఎంత బాగా ఆడుతుందో ఆ రోజే సరిగ్గా చూశాను. అవతలిది అహ్మదాబాద్ పిల్ల, బలంగా కొడుతుంది. విజేత దాన్ని ఆ మూలకూ ఈ మూలకూ పరుగెత్తించింది. మా వైపుకు వచ్చినప్పుడు కూడా తల్లి వైపు చూడలేదు. జమునకు ఆట ఏమీ అర్థం కావడం లేదు, ఎవరు కొట్టినా ఒకేలా చూస్తోంది. ఒక్కసారి మాత్రం, బిడ్డ బాగా చిక్కింది అంది.

మొదటి సెట్ విజేతది. రెండోది కూడా చివరికి వచ్చింది. ప్రణీత్ పక్క నుంచి లేచి నిలబడ్డాడు, సైగలు చెయ్యబోయి మానుకున్నాడు. ఇప్పుడు గెలుపు పాయింటా అని జమున అడిగింది. అవునన్నాను.

విజేత అవతలి చివర, మాకు ఎదురుగా నిలబడింది. బంతిని నేలకు కొట్టింది. తల ఎత్తింది. ఆమె కళ్లు మా కంచె మీద ఎక్కడో ఆగిపోయాయి, మొహంలో రక్తం దిగిపోయింది. చెయ్యి సగం దాకా వచ్చి నిలిచిపోయింది. ఆ అరచెయ్యి వచ్చేసిందనుకున్నాను. దయ్యాలతో నాకేం పని అన్నదాన్ని, వెనక్కి తిరిగి చూడటానికి భయపడ్డాను.

అప్పుడు పక్కన జమున కుడి చెయ్యి ఎత్తింది. అరచెయ్యి, వేళ్లు కలిపి, కంచె పైదాకా. పొద్దున వంటలో అంటిన పసుపు ఆ వేళ్ల సందుల్లో ఇంకా ఉంది.

విజేత ఆ చెయ్యి వైపే చూస్తోంది. ఏ చెయ్యి నిజమో, ఏది కాదో తేల్చుకోలేనట్టు చూసింది. జమున దించలేదు. అంపైర్ గడియారం చూసుకుంటున్నాడు. వద్దు జమునా అని నేను గొణిగాను. ఆవిడ నా వైపు తిరగలేదు.

విజేత బంతి జారవిడిచింది. రాకెట్ నేల మీద పెట్టింది. పెట్టి నడవడం మొదలుపెట్టింది. తర్వాత పరుగెత్తింది. వల పక్క నుంచి, బిత్తరపోయిన అహ్మదాబాద్ పిల్ల పక్క నుంచి, అంపైర్ పేరు పెట్టి పిలుస్తుంటే వినిపించుకోకుండా మా కంచె దాకా వచ్చింది. వేళ్లతో ఆ తీగలు పట్టుకుంది. రొప్పుతోంది.

"ఏందమ్మా? ఏమైంది? ఛాతిల నొస్తుందా?"

జమున చెయ్యి దించింది. కూతురి మొహాన్ని తీరిగ్గా చూసింది.

"ఏం లేదు," అంది. "వస్తవా రావా అని జూసిన."

నేను చచ్చేదాకా మరిచిపోలేని మాట అది. అందులో క్షమించడం ఉందా, కక్ష ఉందా, రెండూ ఉన్నాయా అని ఇప్పటికీ నాకు తేలలేదు. విజేత కంచెకు నుదురు ఆనించి ఏడ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది, ఆ ఇంటి వాళ్లందరి లాగే. జమున తీగల సందులోంచి ఒక వేలు పెట్టి కూతురి నుదుటి చెమట తుడిచింది. ఆ వేలినే గాల్లో గుండ్రంగా తిప్పింది.

"పో బిడ్డా. నడిపియ్యి."

విజేత తిరిగి వెళ్లింది. వెళ్లేదారిలో అంపైర్ మైకులో చెప్పాడు, ఆలస్యానికి హెచ్చరిక అని. అంతే, ఉత్త హెచ్చరిక. పాయింటు పోలేదు. ఆ ఒక్క మాట కోర్టంతా వినబడింది, ఆ గాల్లో కాసేపు అలాగే ఉండిపోయింది. విజేత ఒక క్షణం ఆగి, రాకెట్ తీసుకుంది. బంతి నేలకు కొట్టింది. ఎగరేసింది. చెయ్యి పైదాకా లేచింది.

బంతి గీత లోపలే పడింది, అహ్మదాబాద్ పిల్ల అందుకోలేకపోయింది. ప్రణీత్ అరిచాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు, నేనూ లేచి నిలబడి చేతులు నొప్పి పుట్టేలా కొట్టాను. జమున కొట్టలేదు. ఎప్పుడు పెట్టుకుందో, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, కంచె అవతల కూతురి వైపు కాదు, ఇవతల, మూలనున్న ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది.

అయిపోయింది జమునా, గెలిచింది, ఇక చేతులు తీయొచ్చు అన్నాను.

"ఉండనియ్యి డాక్టరమ్మా," అంది. "తీస్తే చెయ్యి మల్ల లేస్తది."